అప్పు పోయినా అన్యాయం పోదు

అప్పిచ్చినవాని బాధ్యత వడ్డీ వసూలుతో తీరిపోతుందా? కోఠీలో పాఠం ముగించుకొని వస్తున్న నన్ను ఒక విద్యార్థి ఈ ప్రశ్న అడిగాడు.

నర్మదా లోయ ప్రజల పోరాటం ఫలితంగా 1993లో ప్రపంచ బ్యాంకు ఒక తనిఖీ సంఘాన్ని ఏర్పరచింది. బ్యాంకు తన నియమాలను తానే ఉల్లంఘించి హాని చేసిందని బాధితులు ఇద్దరు కలిసినా అర్జీ పెట్టవచ్చు.

2017లో అమరావతి రైతులు కొందరు పెట్టారు. భూసమీకరణ తమ జీవనాధారాన్ని హరిస్తున్నదన్నారు. విచారణ అవసరమని సంఘం సిఫారసు చేసింది. కాని 2019 జూలైలో ప్రభుత్వం రుణ ప్రతిపాదననే ఉపసంహరించుకున్నది. అప్పు లేదు గనుక విచారణా లేదు! 2024 డిసెంబరులో అదే రాజధానికి అదే బ్యాంకు 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది.

ఈ అర్జీల ఏర్పాటు వట్టి బూటకమని కొందరంటారు. నేనలా అనను. బలవంతునిచేత రాతమూలకంగా జవాబు చెప్పించడం స్వల్పవిషయం కాదు. లోపమెక్కడంటే, అక్కడ ఫిర్యాదు ఆయుష్షు అప్పు ఆయుష్షుతో ముడిపడి ఉంది. అన్యాయం జరిగేది అప్పుకు కాదు, మనిషికి. అప్పు రద్దయిననాడు కూడా ఆ రైతు, పట్టా లేని ఆ కూలి అక్కడే ఉన్నారు.

కనుక అర్జీని విడువరాదు, దానినొక్కదానినే నమ్మనూరాదు. దాని వెనుక సంఘటితులైన ప్రజలు నిలవాలి.