పద్ధతి తెలియని భక్తులు

పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో బెజ్జ మహాదేవికి ఒకటే దిగులు: శివుడికి తల్లి లేదు. ఉంటే బిడ్డను బూడిద పూసుకోనిచ్చేదా, తోలు కట్టుకుని బిచ్చమెత్తనిచ్చేదా? అందుకని తనే తల్లయి, తలంటి, నీళ్లు పోసి, పాలు పడుతుంది. పుట్టుకే లేనివాడికి తల్లి ఏమిటని శాస్త్రం అడుగుతుంది. అయినా 13వ శతాబ్దపు ఆ ద్విపద కావ్యంలో పండితులకంటే ఈ ముగ్ధురాలూ, వేటమాంసం నైవేద్యం పెట్టిన కన్నప్పా మనసులో నిలిచిపోతారు. మనకున్న లోపాలే వాళ్లకూ ఉన్నాయన్న ఊరటే దీనికి కారణమంటారు. ఆ జవాబు నాకు చాలదు. ఊరటే కావాలంటే ఏ సోమరి భక్తుడి కథైనా సరిపోయేది. చదువు, కులం, ఆచారం ఉన్నవాడి పూజలో అలవాటు ఎంతో, పేరుకోసం ఎంతో, ప్రేమ ఎంతో విడదీసి చెప్పలేం. అవేవీ లేనివాళ్ల దగ్గర ప్రేమ ఒక్కటే ఉంటుంది కాబట్టి కంటికి ఆనుతుంది. దారి దుమ్ముతోనే మల్లన్నను దర్శించే ధూళి దర్శనం ఉన్న శ్రీశైలానికి ఈ సంగతి కొత్త కాదు.

అయితే తప్పు నిజంగా తప్పే అయినప్పుడు? శ్రీశైలం భిక్షావృత్తి మఠంతో ముడిపడిన శ్రీనాథుడి శివరాత్రి మాహాత్మ్యంలో సుకుమారుడు ముగ్ధుడు కాడు, ఘోరాలు చేసినవాడు. తెలియకుండా చేసిన శివరాత్రి జాగరణ అతణ్ణి కైలాసం చేరుస్తుంది. పాపం ఇంత చవకా, బాధితుల మాటేమిటి అన్న ఆక్షేపణ న్యాయమైనదే. యమభటుల చేత అడ్డు చెప్పించి కావ్యమే దానికి చోటిచ్చింది. అతడి నేరాలనూ దాచలేదు. కానీ పాఠకుడు సుకుమారుణ్ణి బెజ్జ మహాదేవిలా ప్రేమించడు. శివుడి కరుణకు విస్తుపోతాడు, అతణ్ణి చూసి జంకుతాడు. లోపమే ఆకర్షణైతే ఇద్దరూ ఒకేలా దగ్గరవ్వాలి కదా.

కథలో వెలివాణ్ణి ప్రేమించి బయట దూరం పెడతామన్న నింద మరింత గట్టిది. అది నిజమే, కానీ ఆ దోషం చదివేవాళ్లది, కథలది కాదు. మల్లన్న చెంచుపిల్లను పెళ్లాడాడనే కథ వల్ల నల్లమల చెంచులు ఆయన్ను అల్లుడంటారు. అల్లుడిని ఒప్పుకున్నవాళ్లు అత్తింటివారిని కూడా ఒప్పుకోవాలి. గర్భగుడి దాకా వెళ్లే భక్తుడు చెంచుగూడెం మనిషిని బంధువులా చూస్తున్నాడా అన్నది అతడే తేల్చుకోవాలి.