శోకానికి మెట్లున్నాయా?

కురుక్షేత్రం ముగిశాక ధర్మరాజుకు రాజ్యం చేదైంది. పోయినవాళ్లలో ఎటు చూసినా తనవాళ్లే. అంపశయ్య మీది భీష్ముడు రాజధర్మంతో మొదలుపెట్టి మోక్షధర్మం, దానధర్మం దాకా రెండు పర్వాల నిండా బోధించాడు. అంతా విన్న ధర్మరాజు, ఆ తాతగారు పోగానే నీళ్లు వదిలి, గంగ ఒడ్డున మళ్లీ కూలబడిపోయాడు. అశ్వమేధ పర్వం అక్కడే మొదలవుతుంది.

ఈ ఘట్టాన్ని నాకు గుర్తుచేసింది ఒక వీడియో గేమ్. భక్తి పేజీలో ఇదేం గోల అని పెద్దలు విసుక్కోవచ్చు. కానీ శోకం గురించి శ్రద్ధగా చెప్పేవాళ్లు ఎక్కడున్నా వినాలనిపిస్తుంది. బార్సిలోనాకు చెందిన నోమాడా స్టూడియో 2018లో తెచ్చిన ఆ ఆట పేరు ‘గ్రిస్’. కాన్రాడ్ రోసెట్ అనే చిత్రకారుడు దానికి నీటిరంగుల బొమ్మల్లాంటి లోకాన్ని సృష్టించారు. పెద్ద స్త్రీ విగ్రహం అరచేతిలో నిలబడి పాడుతున్న అమ్మాయికి ఉన్నట్టుండి గొంతు పోతుంది. విగ్రహం బీటలు వారి కూలిపోతుంది. కింద పడ్డ అమ్మాయి చుట్టూ రంగులే ఉండవు. మొదట్లో ఆమెను గెంతించాలని మీట నొక్కితే గెంతదు, మోకాళ్ల మీద చతికిలబడుతుంది. దుఃఖంలో ఉన్నవాళ్లను ‘లే, లే’ అని తొందరపెట్టే మనందరికీ ఆ ఒక్క మీట చాలు.

ఇంకో సంగతి కూడా నచ్చింది. ఇందులో చావు లేదు, ఓటమి లేదు. నల్లని పక్షి రొద పెట్టి వెనక్కి తోసేస్తుంది, నీళ్లలో పెద్ద పాములాంటి చేప తరుముతుంది. అయినా ప్రాణం పోదు. ఇసుకగాలి ఈడ్చుకుపోతుంటే ఆమె గౌను బండరాయిలా బరువెక్కి నిలబెడుతుంది. బరువు ఎప్పుడూ శత్రువే కాదన్నమాట.

నాకు పేచీ వచ్చేది ఆట నడక దగ్గర. ముందుకు వెళ్లేకొద్దీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు వరసగా తిరిగివస్తాయి. తిరస్కారం, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అనే అయిదు దశలను కూడా ఆటలో దాచిపెట్టారు. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో ఆ దశలు రాసింది మరణం అంచున ఉన్న రోగులను చూసి. తర్వాతి కాలంలో వాటిని అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకూ అంటగట్టారు. మూడు నాలుగు గంటల్లో ఆట అయిపోతుంది, శోకమూ అయిపోయినట్టే కనిపిస్తుంది. బొమ్మలు మరీ అందంగా ఉండటం కూడా నన్ను కాస్త ఇబ్బందిపెట్టింది. ఇంట్లో మనిషి పోయిన నెలలు అంత అందంగా గడవవు.

మన ఇళ్లలో పోయినవాళ్లను పెద్దకర్మతో వదిలిపెట్టరు. ఏడాది పొడవునా మాసికాలు, తర్వాత సంవత్సరీకం, ఆపైన ఏటా తద్దినం. మళ్లీ గుర్తొస్తారని ముందే తెలిసినవాళ్లు పెట్టిన ఏర్పాటు అది. ఆ రోజున ఎవరైనా కళ్లు తుడుచుకుంటే, ఇంకా తేరుకోలేదేమిటని అడగరు.

గంగ ఒడ్డున మళ్లీ కూలబడ్డ ధర్మరాజును చూసి వ్యాసుడు మాత్రం చిరాకుపడ్డాడు. ఇంత చెప్పిందంతా గాలికేనా అన్నట్టు మందలించాడు. ఇక నీ యుద్ధం నీ మనసుతోనే, అక్కడ బాణాలూ బంధువులూ పనికిరారని కృష్ణుడు చెప్పాడు. వ్యాసుడు అశ్వమేధం చెయ్యమన్నాడు. ధనం లేదన్నాడు ధర్మరాజు. మరుత్తుడనే రాజు యాగంలో మిగిలిన బంగారం హిమాలయాల్లో పడి ఉంది, వెళ్లి తెచ్చుకోమన్నాడు వ్యాసుడు. పాండవులు బయల్దేరారు.