నా చేతుల్లో ఏం లేదు

2023 జూన్‌లో ఒక శనివారం, అలారం పెట్టుకుని పొద్దున్న ఆరింటికల్లా లేచి ఎన్‌బీఏ ఫైనల్స్ నాలుగో మ్యాచ్ చూశాను. డెన్వర్ నగెట్స్, మయామి హీట్. డెన్వర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది నికోలా యోకిచ్, ఆ తర్వాత జమాల్ మరే. ఆ రోజు మాత్రం చివరి క్వార్టర్‌లో మ్యాచ్‌ని ఒడ్డుకు చేర్చింది బెంచ్ మీంచి లేచొచ్చిన బ్రూస్ బ్రౌన్. మొత్తం 21 పాయింట్లు కొడితే అందులో 11 ఆ చివరి క్వార్టర్‌లోవే. తర్వాతి మ్యాచ్ కూడా గెలిచి డెన్వర్ తన చరిత్రలో మొదటిసారి ఛాంపియన్ అయింది. నెల తిరక్కుండా బ్రౌన్ టీము మారిపోయాడు.

గొడవలేం లేవు. టీముకి అతను కావాలి. యజమానికి డబ్బుకి కొదవలేదు. అడ్డొచ్చింది రూలు. ఎన్‌బీఏలో ప్రతి టీముకీ జీతాల మీద ఒక పరిమితి ఉంటుంది, దాన్నే శాలరీ క్యాప్ అంటారు. 2023-24లో అది 13.6 కోట్ల డాలర్లు. ఇది మరీ ఉక్కు గోడేం కాదు. సొంత ఆటగాళ్లని నిలుపుకోడానికి క్యాప్ దాటొచ్చు. కానీ అతను మూడేళ్లు టీముతో ఉంటేనే పూర్తి వెసులుబాటు. ఒక్క ఏడాదే ఉన్నవాడికి, మామూలుగా, పాత జీతం మీద 20 శాతం మించి పెంచడానికి లేదు. బ్రౌన్ డెన్వర్‌లో ఆడింది ఒక్క ఏడాది, తీసుకున్నది దాదాపు 65 లక్షల డాలర్లు. కాబట్టి డెన్వర్ ఇవ్వగలిగింది మహా అయితే 78 లక్షలు. క్యాప్ కింద ఖాళీ ఉన్న ఇండియానా పేసర్స్ రెండేళ్లకి 4.5 కోట్లు ఇస్తామంది. వెళ్లాడు. ఎవరైనా వెళ్తారు.

ఇదంతా చదివి 'కోట్ల డాలర్లు తీసుకునేవాడికి అన్యాయమేంటి?' అంటారేమో. నాకూ బ్రౌన్ మీద జాలేం లేదు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఇచ్చేవాడికి ఇవ్వాలని ఉంది, పుచ్చుకునేవాడు దానికి తగ్గ పని చేశాడు. మధ్యలో ఎవరూ 'వద్దు' అనలేదు, అయినా జరగలేదు. అలాంటప్పుడు ఆ 'వద్దు' ఎవరిది?

నాకు ఈ ప్రశ్న ఆటలోంచి రాలేదు. కొన్నేళ్ల క్రితం నన్ను మొదటిసారి టీమ్ లీడ్ చేశారు. తొమ్మిది మంది మీద అప్రైజల్ రాయాలి. పై రేటింగు ఒక్కరికే ఇవ్వొచ్చు, అడుగు రేటింగు ఒక్కరికైనా ఇవ్వాలి. హైక్‌ల బడ్జెట్ ముందే ఖాయమైపోయింది. అడుగు రేటింగుకి ఆ ఏడాది పెద్దగా ఎవరి కంటా పడని పని చేసిన అమ్మాయి పేరు రాశాను. ఆమె చేసింది మంచి పనే, కాకపోతే ఎవరూ డెమో అడగని పని. మీటింగ్ రూమ్‌లో కూచోబెట్టి, "నా చేతుల్లో ఏం లేదు" అన్నాను. ఆమె కోప్పడలేదు. "మరి ఎవరి చేతుల్లో ఉందన్నా?" అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

జీతాల న్యాయం గురించి చదవడం మొదలుపెడితే మొదట ఎదురయ్యేవాడు ఓ బాస్కెట్‌బాల్ ఆటగాడే కావడం నాకు తమాషాగా అనిపించింది. 1974లో రాబర్ట్ నోజిక్ అనే హార్వర్డ్ తత్వవేత్త 'ఎనార్కీ, స్టేట్ అండ్ యుటోపియా' అనే పుస్తకంలో విల్ట్ చాంబర్లిన్‌ని ఉదాహరణగా తీసుకున్నాడు. అందరికీ సమానంగా డబ్బు పంచారనుకోండి. చాంబర్లిన్ ఆట చూడ్డానికి పది లక్షల మంది వచ్చి, తలా పాతిక సెంట్లు అతని కోసం ఇష్టంగా ఇచ్చారు. ఇప్పుడతని దగ్గర రెండున్నర లక్షల డాలర్లు ఉన్నాయి. సమానత్వం పోయింది. కానీ ఎవరూ దొంగతనం చేయలేదే, ఇందులో తప్పెక్కడ? అని అడుగుతాడు నోజిక్. దాన్ని మళ్లీ సమానం చేయాలంటే మనుషుల స్వేచ్ఛలో వేలు పెట్టాల్సిందే అంటాడు.

చాలా పదునైన వాదన. కాకపోతే అది నడిచేదంతా స్టారుకీ ప్రేక్షకుడికీ మధ్యనే. స్టారుకి బంతి అందించేవాడి జీతం ఎలా తేలాలన్నది నాకు మిగిలిన ప్రశ్న. ఆ ప్రశ్నకి ఎన్‌బీఏ తనదైన జవాబు చెప్పుకుంటూ వచ్చింది. 1984-85 సీజన్‌లో క్యాప్ అమల్లోకి వచ్చింది. అప్పుడది టీముకి 36 లక్షల డాలర్లు. టీము మొత్తానికి హద్దుంది గానీ ఒక్క ఆటగాడి జీతానికి లేదు. 1997-98లో మైకేల్ జోర్డన్ ఒక్కడి జీతం 3.3 కోట్లు, టీము క్యాప్ 2.7 కోట్లకి లోపే! 1997లోనే ఇరవయ్యొక్కేళ్ల కెవిన్ గార్నెట్‌తో మినెసోటా ఆరేళ్లకి 12.6 కోట్ల ఒప్పందం చేసుకుంది. యజమానులు బెంబేలెత్తి 1998లో లాకౌట్ పెట్టారు. ఆ సీజన్ 50 మ్యాచ్‌లకి కుదించుకుపోయింది. 1999 జనవరిలో రాజీ కుదిరింది. ఒక్కొక్క ఆటగాడికీ గరిష్ఠ జీతం వచ్చింది. దాంతో పాటే క్యాప్ దాటిన టీములు కూడా ఒక మధ్యస్థాయి ఆటగాణ్ణి తీసుకోడానికి మిడ్-లెవెల్ ఎక్సెప్షన్ అనే కిటికీ తెరిచారు.

చూడ్డానికి బాగానే ఉంది. పైవాడికి కప్పు వేశారు, మధ్యవాడికి కిటికీ తీశారు. పైగా యూనియన్‌లో స్టార్లు కొద్దిమంది, మిగతావాళ్లే ఎక్కువ. ఎక్కువమంది కలిసి కొద్దిమంది జీతానికి హద్దు పెట్టారు. నోజిక్ ఉంటే కస్సుమనేవాడే. జాన్ రాల్స్ మాటేమిటి? ఆయన మనల్ని ఒక తెర వెనక నిలబెడతాడు. రేపు నువ్వు గార్నెట్‌గా పుడతావో, బ్రౌన్‌గా పుడతావో తెలియదు, ఇప్పుడు చెప్పు, ఏ రూలు కావాలి? నిజాయితీగా చెప్తే నేను గరిష్ఠ జీతం రూలుకే ఓటేస్తాను. గార్నెట్‌నైతే కొంచెం తగ్గినా బతికేస్తాను.

కానీ ఆ తెర వెనక నిలబడి ఇంకో ప్రశ్న కూడా అడగాలి. స్టారు వదులుకున్న డబ్బు సంగతి సరే, అసలు పళ్లెంలోకి ఎంతొచ్చిందన్నది ఎవరు తేల్చారు? లీగ్ ఆదాయంలో ఆటగాళ్ల వాటా ఎంతన్నది ఒప్పందంలో రాసుంటుంది. 2011 దాకా అది 57 శాతం. ఆ ఏడాది మళ్లీ లాకౌట్ పెట్టి, దాన్ని 49-51 శాతం మధ్యకి దించారు. జీతాల్లో 10 శాతం పక్కన పట్టి ఉంచుతారు. ఏడాది చివర్లో లెక్క చూసి జీతాలు వాటా దాటితే అందులోంచి యజమానులు వెనక్కి తీసుకుంటారు, తక్కువైతే ఆటగాళ్లకి కలుపుతారు. అంటే మొత్తం ముందే ఖాయం. ఒకడికి ఒక డాలరు పెరిగిందంటే, అది ఇంకో ఆటగాడి పళ్లెంలోంచి వచ్చినట్టే. యజమానికీ ఆటగాడికీ జరగాల్సిన పేచీ ఆటగాడికీ ఆటగాడికీ మధ్యకి వచ్చి చేరింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్నట్టు. మా ఆఫీసులో హైక్ లెటర్లు వచ్చిన రోజున కూడా అంతే. 'వాడికెందుకంత?' అనే అందరం గుసగుసలాడాం. బడ్జెట్ అంకె వేసినవాళ్లు ఎవరని ఒక్కరం కూడా అడగలేదు.

ఇక ఆ పళ్లెంలో మధ్యవాడి చోటు చూడండి. స్టారుకి సర్వీసుని బట్టి క్యాప్‌లో 25, 30, 35 శాతం దాకా అని రాసుంది. అట్టడుగువాడికి కనీస జీతం రాసుంది. మధ్యవాడికి మాత్రం అలాంటి వాటా ఏదీ రాసిలేదు. అందరికీ పంచాక ఏం మిగిల్తే అది, భాగహారంలో శేషంలాగ. అందుకే రూలు ఎప్పుడు బిగిసినా మొదట నలిగేది అతనే. 2023 ఒప్పందంలో క్యాప్‌కి చాలా పైన 'సెకండ్ ఏప్రన్' అని కొత్త గీత గీశారు. అది దాటిన టీముకి మిడ్-లెవెల్ కిటికీ పూర్తిగా మూసేశారు. డబ్బున్న టీములు మంచి ఆటగాళ్లందర్నీ పోగేసుకోకుండా, టీముల మధ్య సమానత్వం కోసమని చెప్పారు. ఆ కారణం అబద్ధం కాదు. టీములు సమానంగా ఉంటే ఆట బాగుంటుంది, నేనూ అలారం పెట్టుకుని లేస్తాను. కానీ టీముల సమానత్వం వేరు, మనుషుల సమానత్వం వేరు. మొదటిదానికి అయ్యే ఖర్చు, పేరు మోసిన వాటా లేనివాడి ఖాతాలో పడుతోంది.

ఆ శేషం ఎంత అన్నది కూడా అతని ఆట మీద ఆధారపడదు. 2016లో కొత్త టీవీ ఒప్పందం డబ్బొచ్చి క్యాప్ ఒక్క ఏడాదిలో 7 కోట్ల నుంచి 9.4 కోట్లకి ఎగిరింది. ఆ వేసవిలో కాంట్రాక్టు అయిపోవడం టిమఫేయ్ మోజ్గావ్ అదృష్టం. అంతకుముందు సీజన్ ప్లేఆఫ్స్‌లో ఎక్కువగా బెంచ్‌కే పరిమితమైన అతనికి లేకర్స్ నాలుగేళ్లకి 6.4 కోట్లు ఇచ్చింది. మనకున్న ప్రతిభ కూడా మనం సంపాదించుకున్నది కాదంటాడు రాల్స్. ఇక్కడ ప్రతిభ దాకా కూడా వెళ్లక్కర్లేదు, క్యాలెండర్ చాలు.

ఇంత చెప్పాక కూడా నేను క్యాప్ తీసేయమని అనలేను. ఎందుకంటే ఆ ఆటగాళ్లకి నా టీములోని అమ్మాయికి లేనిది ఒకటుంది. అక్కడ రూలు అచ్చయి ఉంది. బ్రౌన్ తనకి 78 లక్షలు మించి ఎందుకు రావో లెక్కగట్టుకోగలడు. ఆ రూలు మీద అతని యూనియన్ సంతకం ఉంది. నచ్చకపోతే వచ్చే ఒప్పందంలో కొట్లాడొచ్చు. ఇందులోనూ లోపం ఉంది. 1995లో కొత్త కుర్రాళ్ల జీతాలకి స్కేలు పెట్టినప్పుడు, ఆ తర్వాత వచ్చి దాని కింద ఆడిన పిల్లలెవరూ ఆ గదిలో లేరు. అయినా అక్కడ ఒక గది ఉందనీ, అందులో ఎవరు కూచుంటారనీ అందరికీ తెలుసు. హద్దు న్యాయమా కాదా అన్నది అంకెని బట్టి కాదనుకుంటాను. దాని కింద బతికేవాళ్లకి ఆ గీత కనపడుతోందా, దాన్ని జరపమని అడిగే చోటు వాళ్లకుందా అన్నదాన్ని బట్టే.

ఇలా చూస్తే 'నా చేతుల్లో ఏం లేదు' అన్న నా మాట సగమే నిజం. బడ్జెట్ నా చేతుల్లో లేదు. తొమ్మిది పేర్లలోంచి ఆమె పేరు తీసింది మాత్రం నేనే. రూలుని అడ్డం పెట్టుకుని ఆ సగాన్ని దాచుకున్నాను. మిగతా సగం ఎవరి చేతుల్లో ఉందో పైన అడిగే ధైర్యమూ చేయలేదు. ఆమె తర్వాతి ఏడాది వేరే కంపెనీకి వెళ్లిపోయింది.

బ్రౌన్ కథ కూడా చెప్పాలి. ఇండియానా ఆర్నెల్లకే అతన్ని టొరంటోకి ట్రేడ్ చేసింది. అక్కణ్ణించి న్యూ ఆర్లీన్స్ వెళ్లాడు. ఆ 4.5 కోట్లూ అందుకున్నాక 2025 వేసవిలో మళ్లీ డెన్వర్‌కే వచ్చాడు, కనీస జీతానికి. ఈసారి రూలు అడ్డు రాలేదు. కనీస జీతానికైతే క్యాప్ దాటిన టీము కూడా ఆటగాణ్ణి తీసుకోవచ్చు.

మాకు వచ్చే నెల మళ్లీ అప్రైజల్స్. ఈసారి ముందు మేనేజర్ దగ్గరికి వెళ్లి, ఈ బడ్జెట్ అంకె ఎక్కణ్ణించి వచ్చిందో అడగాలనుకుంటున్నాను. చెప్పకపోవచ్చు. చెప్పకపోతే, అడిగాను గానీ చెప్పలేదని టీముకి చెప్తాను. అడుగున ఎవరి పేరు రాయాల్సొచ్చినా వాళ్లని కూచోబెట్టి, ఆ పేరు రాసింది నేనేనని కూడా చెప్తాను.