స్థాలీపులాక న్యాయము – దాని హద్దు

కుండలోని ఒక్క మెతుకును పట్టి చూచి, అన్నమంతయు ఉడికినదని గృహిణి నిశ్చయించును. దీనినే పెద్దలు స్థాలీపులాక న్యాయమందురు. కొన్నింటిని చూచి అన్నింటిని గూర్చి నిర్ణయించుట మానవబుద్ధికి సహజము. అది లేనిదే లోకవ్యవహారము సాగదు. అయితే ఆ మెతుకు సాక్ష్యము ఏల చెల్లినది? మెతుకులన్నియు ఒకే కుండలో, ఒకే నీట, ఒకే మంటపై ఉడికినవి కనుక. ఈ కారణమును మరచినచో న్యాయము అన్యాయమగును.

తెలుగువాడగు అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ఈ విషయమునే చర్చించెను. పొగ యున్నచోట నిప్పుండునని వంటయింట పలుమారు చూచి గ్రహింతుము. కాని నిప్పున్న చోటనెల్ల పొగ యుండునా? ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండునందు నిప్పు కలదు, పొగ లేదు. పొగ పుట్టుటకు తడికట్టె తోడు కావలెను. ఇట్లు మరుగున నుండు నిబంధనకే ‘ఉపాధి’ యని పేరు.

మన అనంతపురపు మెట్టనేల ఈ పాఠమును కఠినముగా నేర్పుచున్నది. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో, ఒక రైతు బోరున నీరు పడినచో ప్రక్క చేనివాడు అప్పు తెచ్చి తానును బోరు వేయించును. కాని ఇచట నేలక్రింద నున్నది చాలవరకు గట్టి రాయి. నీరు ఆ రాతి పగుళ్లలోనే నిలుచును. ఒక చేని క్రిందనున్న పగులు గట్టు దాటగనే లేకపోవచ్చును. చేలు ప్రక్కప్రక్కనే యున్నను కుండ ఒకటి కాదు.

నేల విషయమున పొరబడిన ధనము పోవును. మనుష్యుల విషయమున పొరబడిన ధర్మమే పోవును. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ఒక కరవు ఏట, ఒక పల్లెనుండి వచ్చు నలుగురు పిల్లలు తరచు ఆలస్యముగా బడికి వచ్చుచుండిరి. ఆ పల్లెవారందరును సోమరులని నేను నిశ్చయించితిని. అచటినుండి క్రొత్తగా చేరిన బాలుని, అతడు వేళకే వచ్చినను, తొలినాడే వెనుక వరుసన కూర్చుండబెట్టితిని. తరువాత ఒక ఉదయము ఆ దారిన పోవుచు, ఆ పిల్లలే దూరపు బావినుండి బిందెలు మోయుచుండుట చూచితిని. వారి ఊరి బావి ఎండిపోయినది. నేను చూడని ఉపాధి అదియే. ఆ బాలుని ముఖము నేటికిని నా కన్నుల ముందు నిలుచును.

కులమునుబట్టి మనిషిని తూచుట కూడ ఇట్టి దోషమే. 12వ శతాబ్దమున కల్యాణమునందలి శరణుల నడుమ బట్టలుతుకు మాచయ్యకును, పడవ నడుపు చౌడయ్యకును గౌరవస్థానము లభించుటలోని భావము ఇదియే గదా!

కావున పాఠకులారా! సామాన్యసూత్రములు ఏర్పరచుకొనవలదని నా మనవి కాదు. అంతకుముందు కుండ ఒకటేనా యని విచారింతము. సూత్రమునకు లొంగని ఒక్క ఉదాహరణ ఎదురైనను దానిని త్రోసివేయక పరిశీలింతము. మెతుకునకు మాట రాదు కనుక పట్టి చూడవలెను. మనిషినైతే అడిగి తెలిసికొనవచ్చును.