ఎవరిని అడగాలి?

మా గూడెంలో నాకు చిన్నాన్న వరసయ్యే ఒకాయనకు నెల రోజులు దగ్గు వదల్లేదు. రెండు వారాలు దాటిన దగ్గుకి తెమడ పరీక్ష చేయించాలి. చేయించాడు కూడా. ‘ఉమ్మి పట్టుకురా’ అన్నారు, డబ్బాలో ఉమ్మే పట్టుకెళ్లాడు. గట్టిగా ఊపిరి పీల్చి, దగ్గి, గుండెల లోపలి నుంచి తెమడ తియ్యాలని ఎవరూ చెప్పలేదు. జబ్బు లేదని రాశారు. రెండు నెలలు పోయాక మళ్లీ చేస్తే టీబీ అని తేలింది. రిజిస్టరులో మాత్రం రెండు పరీక్షలూ సక్రమమే. నేనూ బడిలో హాజరుపట్టీ రాసేవాణ్ణే. పిల్లలందరూ అందులో ఉంటారు, పాఠం ఎందరికి వచ్చిందో ఉండదు.

సేవలు ఎలా ఉన్నాయో మనమే చూసుకోవాలని నేనూ నలుగురు కుర్రాళ్లూ బయల్దేరాం. మొదట చిన్నాన్న ఇంటికే వెళ్లాం. వాకిట్లో, అందరూ వింటుండగా, ‘మందులు రోజూ వేసుకుంటున్నావా?’ అని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. తర్వాత సంత నుంచి వస్తుంటే అన్నాడు: “ఒరే, పది రోజులు ఆసుపత్రిలోనే మందు లేదు. అది వాళ్లని అడగలేదు. నన్నడిగావు, ఊరి ముందు.” ఆ నెలే ఆయన కూతురికి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. నా ప్రశ్న వల్లేనని ఎవరూ అనలేదు. నేను అనుకుంటున్నాను.

మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. మధ్యలో ఆగితే జబ్బు మందుకి లొంగకుండా పోవచ్చు. కాబట్టి రోగికీ బాధ్యత ఉంది. 2006లో వచ్చిన టీబీ రోగుల చార్టర్‌లో హక్కులతో పాటు బాధ్యతలూ రాశారు. కానీ మనం రోగి బాధ్యతనే ముందు అడుగుతాం, ఎందుకంటే అతను మనవాడు, తిరిగి ఏమీ అనలేడు. అంటుకునే జబ్బు, ఊరికి తెలియాలి కదా అంటారు కొందరు. పేరు బయటపడుతుందని భయపడి పరీక్షకే రానివాడి నుంచి ఊరికి ఎక్కువ ప్రమాదం. సరైన మందు మొదలుపెట్టినవాడిలో అంటించే గుణం త్వరగానే తగ్గిపోతుంది.

ఇప్పుడు మా నోటు పుస్తకంలో పేరు రాసే గడి లేదు. తెమడ ఎలా తియ్యాలో చూపించారా, ఫలితం ఎన్ని రోజులకు చెప్పారు, మందు ఎన్ని రోజులు దొరకలేదు, తిండికిచ్చే డబ్బు ఖాతాలో పడిందా, ఇవే ప్రశ్నలు. (నెలకు 500గా 2018లో మొదలైన ఆ సాయం 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు.) చిన్న గూడెంలో పేరు రాయకపోయినా మనిషి తెలిసిపోతాడు, అందుకని మూడు గూడేల జవాబులు కలిపి రాస్తున్నాం. వాటితో ఆసుపత్రికి వెళ్తే మొదట అడిగింది ‘ఎవరు చెప్పారు?’ అనే. చెప్పలేదు.

చిన్నాన్న మాతో ఇంకా రాలేదు. రమ్మని నేనూ అడగలేదు.