మూడు ఏడులు

శ్రీకాకుళం నుంచి తమ్ముడి ఫోన్. బట్టల షాపు వెబ్‌సైట్‌లో ఫొటోలు ఎక్కట్లేదు, ‘పర్మిషన్ డినైడ్’ అంటోంది. నేను లైన్లో ఉండగానే ఫోల్డర్‌కి సీహెచ్‌మోడ్ 777 కొట్టేశాడు. “పనైపోనాది గదన్నయ్యా!”

ఆ చిట్కా ఒకప్పుడు నేను నేర్పిందే.

4 చదవడానికి, 2 రాయడానికి, 1 నడపడానికి. మూడు ఏడులంటే ఓనరుకీ, గ్రూపుకీ, ఆ సర్వర్లోని మిగతా అందరికీ మొత్తం హక్కులు. తాళంచెవి తిరగట్లేదని తలుపే పీకేసినట్టు.

షాపాయన సంతోషించాడు, డబ్బులిచ్చాడు. మరి తప్పెక్కడ? తెలిసి మనం తీసుకుంటే అది రిస్కు. చెప్పకుండా తెలియనివాడి నెత్తిన పెడితే, పని జరిగినా సరే, మోసమే.

మళ్లీ ఫోన్ చేశాను. ఫోల్డర్ని వెబ్ సర్వర్ యూజర్ పేరున మార్చి, 755 పెట్టాం. పది నిమిషాలు పట్టింది. షాపాయనకి తేడా ఏమీ కనపడలేదు. కనపడదనే కదా, అప్పుడు 777 కొట్టింది.