ప్రమాదం అంటే ఏమరుపాటు



ఆషాఢం వచ్చి నాలుగు వానలు పడ్డాయంటే చాలు, శనివారం రాత్రి మణికొండ అపార్ట్‌మెంట్లలో ఒకటే మాట: "రేపు ఎటు పోదాం?" ఒకరు అనంతగిరి అంటారు, ఒకరు మల్లెలతీర్థం అంటారు. సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో చూస్తే ఎత్తిపోతల అంటారు. తెల్లారకముందే కార్లు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతాయి. వారమంతా స్క్రీను ముందు కూచున్న కళ్లు కాస్త పచ్చదనం అడుగుతాయి. ఇందులో తప్పేముంది?

మన సమావేశాలకు వచ్చే యువకులు ఈ ప్రశ్న కాస్త జంకుతూ అడుగుతుంటారు. బౌద్ధం అంటే సంతోషాలన్నీ వదులుకోవడమే అని వాళ్లకు ఎవరో చెప్పి ఉంటారు. అది సరికాదు. చివరి రోజుల్లో బుద్ధుడు వైశాలిని చూసి, ఎంత రమ్యంగా ఉందో అని ఆనందుడితో చెప్పాడు. థేరగాథల్లో మహాకస్సప థేరుడు వానకు తడిసిన కొండలు తన మనసుకు ఆనందమిస్తాయన్నాడు. అంతటి విరాగికే కొండా వానా నచ్చాయంటే మనకు నచ్చడం దోషం ఎట్లా అవుతుంది? ధమ్మం అందాన్ని తప్పుపట్టదు. అందం ముందు నిలబడ్డ మనిషి ఎట్లా ఉన్నాడన్నదే చూస్తుంది.

అయితే వానాకాలం గురించి బుద్ధుడు పెట్టిన ఒక నియమం ఉంది. అదే వర్షావాసం. ఆషాఢ పౌర్ణమి తర్వాత మూడు నెలలు భిక్షువులు ఒకే చోట ఉండాలి. ఈ నియమం ఎందుకొచ్చిందో వినయ పిటకం చెబుతుంది. భిక్షువులు వానల్లో కూడా తిరుగుతూ లేత గడ్డిని తొక్కుతున్నారని, చిన్న చిన్న జీవుల్ని చంపుతున్నారని, పక్షులు కూడా ఈ కాలంలో గూడు కట్టుకుని ఉంటాయి కదా అని జనం విమర్శించారు. బుద్ధుడు ఆ మాట విన్నాడు, నియమం చేశాడు. భిక్షువులు జారిపడతారనో జ్వరం వస్తుందనో చేసింది కాదది. వాళ్ల కాళ్ల కింద నలిగేవాటి కోసం చేసింది. అవసరమైన పని పడితే ఏడు రోజుల దాకా వెళ్లి రావడానికి అనుమతి కూడా ఇచ్చాడు. అంటే ప్రయాణం మీద నిషేధం లేదు. నా అడుగు కింద ఏముందో చూసుకోమనే మాట ఉంది.

ఆ చూపుతో ఎత్తిపోతల దగ్గర నిలబడి చూద్దాం. చంద్రవంక వాగు డెబ్భై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది, కొంత దూరం పోయి కృష్ణలో కలుస్తుంది. అక్కడికి పదకొండు కిలోమీటర్ల దూరంలో నాగార్జునసాగర్. ఆనకట్ట వెనక నిలిచిన నీటి కింద ఇక్ష్వాకుల విజయపురి ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి కొన్ని కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ తరలించారు. మిగిలిన లోయ మునిగిపోయింది. అక్కడి శాసనాల్లో బోధిసిరి అనే ఉపాసిక కనిపిస్తుంది. రాణి కాదు, గృహస్థురాలు. చైత్యగృహం కట్టించింది, ఆమె దానాల్లో ఒక చెరువు కూడా ఉంది. పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక ఆడమనిషి నీళ్లు దొరికేట్టు చేయడాన్ని ధమ్మం అనుకుంది.

హైదరాబాద్ నల్లాల్లోకి వచ్చే కృష్ణా నీళ్లు ఆ సాగర్ నుంచే అక్కంపల్లి మీదుగా వస్తాయి. ఆదివారం చూడ్డానికి పోయిన నది సోమవారం పొద్దున బకెట్లోకి వస్తుందన్నమాట. ఒకటి ఉంటే ఇంకొకటి ఉంటుందనే ప్రతీత్యసముత్పాదాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. నీళ్లంటే మన ఉద్యమానికి ఎప్పుడూ పెద్ద మాటే. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగింది దాహానికి కాదు, మనుషుల లెక్కలోకి రావడానికి. అట్లాంటి నీళ్ల ఒడ్డున సీసా పగలగొట్టి రావడం ఏపాటి సరదా? మల్లెలతీర్థం ఉన్నది చెంచులు బతికే నల్లమలలో. మన కారు వెళ్లిపోయాక ఆ గాజుపెంకుల మీద నడవాల్సింది వాళ్ల పిల్లలే.

ఇక్కడ ఒక మాట గురించి ఆలోచించాలి. తెలుగులో మనం "ప్రమాదం జరిగింది" అంటాం, పిడుగు పడ్డట్టు, ఎవరి చేయీ లేనట్టు. పాళీలో పమాదం అంటే ఏమరుపాటు, అజాగ్రత్త. మాట ఒకటే. మనం మాత్రం కారణాన్ని మరిచి, ఫలితానికి ఆ పేరు పెట్టుకున్నాం. ఐదో శీలం మద్యాన్ని వదలమన్నప్పుడు కూడా దాన్ని పమాదానికి చోటు అనే చెబుతుంది. తాగి జారే బండ మీదికెక్కినవాడు నీళ్లలో పడితే అది బండ తప్పు కాదు.

కానీ ఏమరుపాటు ప్రయాణికుడిది ఒక్కడిదే అనుకుంటే సగమే చూసినట్టు. 2014 జూన్‌లో హైదరాబాద్ నుంచి విహారానికి వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎగువన ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారు. వాళ్లు ఫొటోలు దిగుతున్న ఒడ్డు క్షణాల్లో నది అయింది. 2021 సెప్టెంబరులో ఒక వాన రాత్రి మన మణికొండలోనే, డ్రైనేజీ పనులకు తవ్విన గుంతలో పడి ఒక మనిషి చనిపోయాడు. ఆయన ఏ జలపాతానికీ పోలేదు. రోడ్డు మీద నడుస్తున్నాడు, అంతే.

కాబట్టి "జాగ్రత్తగా ఉండండి" అని పిల్లలకు చెప్పి ఊరుకుంటే అప్పమాదం కాదు. గేటు ఎత్తేవాడికి, గుంత తవ్వించినవాడికి, బిల్లు మీద సంతకం పెట్టేవాడికి కూడా అప్పమాదం కావాలి. అడగాల్సిన మనకూ కావాలి. ధ్యానంలో కూచుని శ్వాసను గమనించే మనిషి తన వీధిలో మూతలేని మ్యాన్‌హోల్‌ను గమనించకపోతే ఆ సాధన గది దాటలేదన్నమాటే.

మరి పోవాలా, వద్దా? పొండి. పిల్లల్ని తీసుకుపోండి. మందు వద్దు. తీసుకుపోయిన ప్లాస్టిక్‌ను తిరిగి తెచ్చుకోండి. నీళ్లలోకి దిగే ముందు అక్కడివాళ్లను అడగండి, వద్దంటే వినండి. జనం మాట బుద్ధుడే విన్నాడు. వీలైతే మీ వాచ్‌మన్ కుటుంబానికీ ఒక ఆదివారం దొరికేట్టు చూడండి, సంతోషం కూడా దానంలో భాగమే. జలపాతం ముందు ఐదు నిమిషాలు ఫోను జేబులో పెట్టి నిలబడండి. ఇప్పుడు దూకిన నీళ్లు మళ్లీ దూకవు. అనిత్యం గురించి పుస్తకం చెప్పేది అక్కడ చెవులారా వినిపిస్తుంది. సోమవారం ఆఫీసుకు పోతూ వీధిలో తవ్విన గుంతకు కంచె ఉందో లేదో చూడండి. లేకపోతే నలుగురూ కలిసి మున్సిపాలిటీకి అర్జీ పెట్టండి, కంచె పడేదాకా మళ్లీ మళ్లీ అడగండి.

నమో బుద్ధాయ. జై భీమ్.